పసుపు మురికి కాదు

ఆ రోజు పొద్దున తూర్పున మబ్బు ఒకటి ఏటికి అడ్డంగా పడుకుని ఉంది. సూర్యుడు దాని వెనకే లేచాడు గాని పైకి రావడానికి తొందరపడలేదు. మబ్బు కింది అంచు ముందు ఎర్రబడి, తర్వాత ఇత్తడి రంగుకి తిరిగింది. నీళ్లమీద మంచు నడుమెత్తున నిలబడింది. గాలి లేదు. అరటితోటలో ఒక్క ఆకు కదల్లేదు. మందు కొట్టడానికి అంతకన్నా మంచి పొద్దు దొరకదు. ఈ సంగతి ముందే రాస్తున్నాను. తర్వాత విచారణకి వచ్చినవాళ్లు గాలి గురించి కూడా అడిగారు. గాలి తప్పేమీ లేదు.

అది దసరా వెళ్లిన మర్నాడు.

మాది కృష్ణ మధ్యలో ఒక లంక. పసుపు, అరటి, కంద వేస్తాం. పసుపుకి ఆకుమచ్చ తెగులొస్తే అది ఆకు అడుగున కూర్చుంటుంది. వీపున డబ్బా కట్టుకుని మనిషి కొడితే పైన తడుస్తుంది, అడుగు తడవదు. నాలుగు పంకాల డ్రోన్లు తెచ్చి చూశారు, వాటితోనూ అంతే. అందుకని మా రైతుల సంఘం రేడియో కంట్రోలు హెలికాప్టరు ఒకదాన్ని తెప్పించింది. పొడవులో ఎద్దంత ఉంటుంది. దాని పెద్దరెక్కలు రెండూ తిరిగితే, కిందికి కొట్టే గాలికి ఆకు తిరగబడి అడుగు చూపిస్తుంది. మందు అప్పుడు పడుతుంది. ఊళ్లో అందరూ దాన్ని తూనీగ అన్నారు.

నడిపేవాడు కొండలు. పూర్తి పేరు ఏడుకొండలు. నా భార్య శేషారత్నానికి తమ్ముడు. తల్లి పోయేనాటికి వాడికి నాలుగేళ్లు, ఆమెకి పద్దెనిమిది. వాణ్ణి చంకనేసుకునే మా ఇంటికి కాపురానికి వచ్చింది. వాడికి అన్నం తినిపించాకే తను తినేది. ఇరవై ఎనిమిదేళ్లు వచ్చినా వాడి చెప్పుల చప్పుడు వినబడితే గాని పొయ్యి దించేది కాదు.

తూనీగని బాగుచేసేవాణ్ణి నేను. పేరు బసవపున్నయ్య. మా ఊరి బళ్లో ఎనిమిదో తరగతి దాకా చదివాను. తర్వాత ఆయిలింజన్లు.

ఆయిలింజన్‌కి సుత్తి కూడా పనిముట్టే. తూనీగకి కాదు. దాంతోపాటు ఒక పెట్టె వచ్చింది. అందులో ఆరు పలకల ఎలన్‌కీలు, ఒక్కో బోల్టు సైజుకి ఒక్కోటి. మొన అరిగిందా, పారెయ్యాల్సిందే. అరిగిన కీ బోల్టు తలని తినేస్తుంది. కడ్డీల చివరుండే గోళీ కీళ్లు ఊడదియ్యడానికి ఒక ప్లయరు. రెక్క వాలు కొలవడానికి పిచ్ గేజి. రెండు రెక్కలూ సరితూగాయో లేదో చూడటానికి కంసాలి దగ్గరుండేటంత తక్కెడ. ఒక రెక్క బియ్యపుగింజంత బరువెక్కువైనా, తిరిగేటప్పుడు మిషను ఒళ్లంతా వణుకుతుంది. సోల్డరింగ్ ఐరను. ఒక చిన్న సీసాలో నీలం బంక. ఇవన్నీ పాత పంచె మీద ఒక వరసలో పరుచుకునిగాని నేను పని మొదలుపెట్టేవాణ్ణి కాదు. వరసలో ఏదన్నా లేకపోతే అది మిషను కడుపులో ఉండిపోయిందని అర్థం.

కొండలు పక్కన కూర్చుని చూసేవాడు. "బావా, మా అక్కకి మూడుముళ్లు వేసేటప్పుడు కూడా ఇంత చూసి బిగించావా?" అన్నాడొకసారి. రత్నం వాకిట్లోంచే అందుకుంది. "ఒక ముడి వదులుగానే వేశాడ్రా. అందుకే ఇన్నాళ్లూ ఊపిరాడతా ఉంది."

హెలికాప్టరుకి శత్రువు గాలి కాదు, వణుకు. ఇంజను తిరిగినంతసేపూ ప్రతి బోల్టూ తనంతట తను వెనక్కి తిరగాలనే చూస్తుంది. అందుకే ఇనుములోకి ఇనుము బిగించే ప్రతిచోటా బంక చుక్క వెయ్యాలి. ఆ నీలం బంక యాభై గంటలు పట్టుకుంటుంది. ఆ తర్వాత మొత్తం ఊడదీసి, గీకి, కొత్త చుక్క వెయ్యాలి. రెండు రోజుల పని. తెగులు రోజుల్లో ఆ రెండు రోజుల్లో మచ్చ పక్క పొలానికి దూకేది.

శ్రావణమాసంలో డాక్టర్ కాత్యాయని గారు పడవ దిగారు. పట్నంలో ప్రయోగశాల ఆమెది. నలభై దాటిన మనిషి, బురదలో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచొచ్చారు. సంచిలోంచి చూపుడువేలంత గాజుసీసా తీశారు. ఉపన్యాసం ఏమీ చెప్పలేదు. ఒక బోల్టుకి ఆ సీసాలోది చుక్క వేసి, నట్టులో పెట్టి నా చేతికిచ్చారు. తిప్పితే తిరిగింది. దాన్ని మా ఆయిలింజను ఒంటికి కట్టించి, ఇంజను వెయ్యమన్నారు. మధ్యాహ్నం దాకా ఆడింది. ఆపి, కట్టు విప్పి, బోల్టు మళ్లీ ఇచ్చారు. ఈసారి కీ పెట్టి తిప్పినా రాలేదు. నా మణికట్టు నొప్పెట్టింది.

ఇందులో ఏముందమ్మా అని అడిగాను.

"ప్రాణం ఉంది" అన్నారామె.

కంటికి కనబడని జీవులట. ఎండబెడితే విత్తనంలా నిద్రపోతాయి. వణుకు తగిలితే లేస్తాయి. బంకలో ఉన్న పంచదార తిని దారం తీస్తాయి, సాలీడు తీసినట్టు. ఎంత వణికితే అంత దారం, అంత పట్టు. ఊడదియ్యాలంటే సోల్డరింగ్ ఐరను మొన బోల్టు తలమీద పెట్టి పది లెక్కపెట్టాలి. వేడికి చచ్చిపోతాయి, బోల్టు వచ్చేస్తుంది. బతికున్న బంక లేత వరినారు రంగులో ఉంటుంది, పులిసిన పిండి వాసన వేస్తుంది. చచ్చినది బూడిదరంగుకి తిరుగుతుంది. ఆమె దానికి ఏదో పేరు పెట్టారు గాని మేము దాన్ని ఉసురుబంక అన్నాం.

మా నీటి తేమకీ, మేం కొట్టే మందులకీ తట్టుకుంటే ఇంకెక్కడైనా తట్టుకుంటుందని, ముందు మా తూనీగ మీదే వాడి చూపించమన్నారు. తెలుగులో అచ్చువేసిన కాగితం ఇచ్చారు. బోల్టుకి నూనె, గ్రీజు, మురికి లేకుండా స్పిరిటుతో తుడవాలి, ఆరనివ్వాలి, చుక్క వెయ్యాలి, బిగించాలి. నేను నాలుగుసార్లు చదివి పెట్టె మూత లోపల అంటించాను.

ముందు తోకబోల్టులకి వేశాను. తర్వాత ఒంటి బోల్టులకి. రెండు నెలలు చూశాను. ఒక్కటీ కదల్లేదు. మిగిలినవి రెండే. పెద్దరెక్కల మొదట్లో, రెక్కని పట్టుకునే గొట్టం లోపల ఉండే రెండు బోల్టులు. రెక్క మొత్తం వాటిమీదే ఆధారం. దసరాకి తూనీగకి ఎటూ పని లేదు గనక, ఆ రోజు అవి తీసి, శుభ్రం చేసి, మర్నాడు పొద్దున్నే ఉసురుబంకతో బిగిద్దామనుకున్నాను.

దసరానాడు బోల్టులు రెండూ స్పిరిటుతో కడిగి పంచె మీద ఆరబెట్టి, తోరణానికి అరటిపిలకలు కొయ్యడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి రత్నం తలస్నానం చేసి ఆయుధపూజకి కూర్చుంది. పనిముట్లన్నీ పీటమీదికి చేరాయి. కీలకి, ప్లయరుకి, తక్కెడకి, ఐరనుకి, అన్నిటికీ పసుపు రాసి కుంకం పెట్టింది. బజారు పసుపు కాదు. మా చేలోది, తను ఉడికించి, ఎండబెట్టి, ఇంట్లో దంచి జల్లించింది. పెట్టిన వేలికి రెండు రోజులు పోదు. ఆ రెండు బోల్టుల్ని మాత్రం చుక్కతో వదల్లేదు. పసుపు గిన్నెలో పొర్లించి తీసింది.

"ఇవేగా వాడి మిషనుని పైన మోసేది. వీటికి నిండుగా పెట్టా" అంది.

కొండలు కొబ్బరికాయ కొట్టాడు. మొదటి చెక్క అక్కకిచ్చాడు. ఆ సాయంత్రం పక్క లంకలో ఒక సంబంధం సంగతి మాట్లాడుకున్నారు అక్కాతమ్ముళ్లిద్దరూ. పిల్ల మాట కొంచెం పెడసరమట. ఈ ఇంట్లో అదొక్కటే తక్కువ, తెచ్చుకుందాం అన్నాడు వాడు.

మర్నాడు పొద్దున, ఆ మబ్బు ఏటికి అడ్డంగా పడుకున్న వేళకి, నేను పాకలో కూర్చుని ఆ బోల్టుల్ని పొడిగుడ్డతో తుడిచాను. పైపైన పోయింది. బోల్టు మరల సందుల్లో పసుపు కనబడుతూనే ఉంది. స్పిరిటు సీసా చేతికందే దూరంలోనే ఉంది. కాగితం మూత లోపల నా కళ్లముందే ఉంది. నూనె ఉండకూడదన్నారు, లేదు. గ్రీజు ఉండకూడదన్నారు, లేదు. మురికి ఉండకూడదన్నారు.

పసుపు మురికి కాదు. పుట్టిన పిల్లకి పూస్తాం, గడపకి పూస్తాం, దెబ్బకి పెడతాం. దాన్ని స్పిరిటు పోసి కడగాలని నా చేతికి తోచలేదు. పైగా తమ్ముడి కోసం అక్క పెట్టింది. చుక్క వేశాను. బిగించాను. కీ ఇక తిరగనని చెప్పిన చోటు నాకు ఇప్పటికీ అరచేతిలో తెలుస్తుంది.

కొండలు గట్టుమీద నిలబడ్డాడు. నలభై అడుగుల దూరంలో నిలబడాలన్నది నియమం, వాడు ఎప్పుడూ యాభై అడుగుల అవతలే ఉండేవాడు. తూనీగ లేచింది. మొదటి మడి అయింది. రెండో మడి అయింది. ఆకు తిరగబడటం, మందు మంచులా పడటం, అంతా మామూలే. మూడో మడి చివర వాడు దాన్ని వెనక్కి తిప్పుతుండగా చప్పుడు మారింది. కంటికన్నా ముందు నా చెవికి తెలిసింది. అరవడానికి నోరు తెరిచాను గాని ఏ మాట అనాలో తెలియలేదు. ఒక రెక్క విడిపోయింది. పసుపు చేను మీదుగా, ఆకుల కొసలు కోసుకుంటూ, గట్టువైపే వచ్చింది.

వాడి చేతుల్లో రేడియో పెట్టె అలాగే ఉంది. పడవ ఒడ్డు చేరేలోపు పోయాడు.

పన్నెండో రోజున ముగ్గురు వచ్చారు. కాత్యాయని గారు, ఆమె పైవాళ్లు ఇద్దరు. విరిగిన మిషనంతా పరిచి చూశారు. రెండు బోల్టుల్లో ఒకటి గొట్టంలోనే వంగి, బయటికి రాకుండా ఇరుక్కుపోయి ఉంది. రెండోది దొరకలేదు. ఆమె నన్నొక్కటే అడిగారు, స్పిరిటుతో తుడిచారా అని. తుడిచాను అన్నాను. అబద్ధం కాదు. దసరానాడు పొద్దున తుడిచాను. ఆమె ఇంకేదో అడగబోయి ఆగారు. పక్కనున్నవాళ్లు గడియారం చూసుకుంటున్నారు.

నెల తర్వాత కాగితం వచ్చింది. బోల్టును మెకానిక్ చాలినంత బిగించలేదు. కింద మూడు సంతకాలు, మూడోది ఆమెది. సంఘం వాళ్లు వచ్చి పనిముట్ల పెట్టె పట్టుకుపోయారు. మాట ఏమీ అనలేదు. అంటే బాగుండేది. పాత పంచె మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. నేను మళ్లీ ఆయిలింజన్ల దగ్గరికి వెళ్లాను.

కుళాయి దగ్గర ఆడవాళ్లు అనుకునేవారట, బావే బావమరిదిని చంపుకున్నాడని. ఒకామె రత్నం ఎదురుగానే అంది. రత్నం బిందె దించి, ఆయన బిగించిన బోల్టు ఊడదు, ఆ మాయదారి బంకలోనే ఏదో ఉంది అని, మళ్లీ బిందె ఎత్తుకుని వచ్చిందట. ఇది నాకు వేరేవాళ్లు చెప్పారు. ఇంట్లో నాతో ఆమె ఒక్కసారే అడిగింది. అన్నం గిన్నె కడుగుతూ, నావైపు తిరక్కుండా.

"బిగించావా?"

"బిగించా."

మళ్లీ అడగలేదు. కానీ నేను ఏదన్నా బిగిస్తుంటే, ఇంజను మూతైనా, డబ్బా మూతైనా, ఆమె చూపు నా చేతులమీదికి వచ్చి పోయేది.

మాఘమాసంలో పసుపు తవ్వకాలు పడ్డాయి. ఊరంతా ఉడికే పసుపు ఆవిరి. కళ్లాల్లో, వాకిళ్లలో, దారి పక్కన, ఎక్కడ చూసినా ఆరబోసిన కొమ్ములే. అందరి గోళ్లూ పచ్చనే. ఆ మూడో మడి తవ్వుతున్న వెంకాయమ్మకి పలుగు జారి వేలు తెగింది. ఆ వేలు పట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది. రెండో చేతిలో దుంపకి అంటుకున్న మట్టిగడ్డ ఒకటి ఉంది. గడ్డలో బోల్టు.

"ఇదేనేమో చూడు, పున్నయ్యా" అని నా చేతిలో పెట్టింది.

అదే. మట్టి రాల్చి చూశాను. మరలు ఒక్కటీ చెడలేదు. తెగి రాలేదు, విరిగి రాలేదు. బుద్ధిగా తిరిగి తిరిగి బయటికొచ్చింది. సందుల్లో బంక ఉంది. బూడిదరంగులో ఉంది. దానికి ఎవరూ వేడి పెట్టలేదు. బూడిదరంగు కింద, గోటితో గీకితే, పసుప్పచ్చగా.

అటు రత్నం లోపల్నించి పోపులడబ్బా తెచ్చి వెంకాయమ్మ వేలికి పసుపు అదిమి పెడుతోంది. ఆమె అబ్బా అంటే రత్నం అంది, "ఓర్చుకో అత్తా. ఇది పెడితే లోపలికి పురుగు చేరదు. చేరినా చచ్చిపోయిద్ది."

నేను బోల్టుని గుప్పిట్లో మూశాను.

మట్టిలోంచి వచ్చిన పసుపు అయుండొచ్చు అని నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకుని ఊరుకుంటే సరిపోయేది. మర్నాడు రత్నం కళ్లంలో ఉండగా పోపులడబ్బా తీసి, దంచిన పసుపు చిటికెడు కాగితంలో కట్టుకున్నాను. ఉసురుబంక సీసాలో అడుగున కొంచెం మిగిలింది. దాన్ని సంఘం వాళ్లు పట్టుకుపోలేదు, బావి గూట్లో చల్లగా ఉంటుందని పెట్టి మర్చిపోయాను. మూత తీస్తే ఇంకా పులిసిన పిండి వాసన వేసింది.

చేలో ఇంజను ఒంటికి మూడు బోల్టులు కట్టాను. ఒకటి స్పిరిటుతో కడిగినది. ఒకటి ఇంజనాయిల్లో ముంచినది. ఒకటి పసుపులో పొర్లించి, పొడిగుడ్డతో తుడిచినది, ఆ రోజు తుడిచినట్టే. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా ఇంజను ఆడింది. మడి తడిసింది. ఆపి చూశాను. కడిగిన బోల్టు కీతో తిప్పినా రాలేదు. నూనె బోల్టు బలం పెడితే కదిలింది. మూడోదాన్ని కీ పెట్టకుండా రెండు వేళ్లతో తిప్పాను. గాజుసీసా మూతలా వచ్చేసింది. బూడిదరంగు.

చాలాసేపు గట్టుమీద కూర్చున్నాను. కాలవలో నీళ్లు వెళ్తూనే ఉన్నాయి.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే రత్నం అడిగింది, పోపులడబ్బా ఎందుకు తీశావని. పసుపుగిన్నె పెట్టిన చోట లేదట. వేలు తెగింది అన్నాను. ఏదీ అని చెయ్యి పట్టుకుని చూసింది. పది వేళ్లూ చూసింది. ఏ వేలూ తెగలేదు. చెయ్యి వదిలేసింది.

నేను ఎవరికీ చెప్పదలచుకోలేదు. ఇది నిజం, అందుకని రాస్తున్నాను. మెకానిక్ బిగించలేదన్న మాట నామీద ఉంటే ఉండనీ. నేను దాన్ని మోయగలను, నాలుగు నెలలుగా మోస్తూనే ఉన్నాను. దాన్ని దించితే అది ఎవరి నెత్తికి ఎక్కుతుందో నాకు తెలుసు. వాణ్ణి చంకనేసుకుని వచ్చిన మనిషి నెత్తికి. నిండుగా పెట్టా అన్న నోటికి.

కానీ ఆ వారమే సంఘం ఆఫీసు గోడమీద కాగితం అంటించారు. ఎగువన పదకొండు ఊళ్లకి పదకొండు తూనీగలు వస్తున్నాయి. అన్నిటికీ ఉసురుబంక. పరీక్షలో బంక తప్పు లేదని తేలింది, అందుకని అనుమతి వచ్చింది. నేను ఆ కాగితం ముందు నిలబడి లెక్క సరిచూసుకున్నాను. తప్పు నాదని తేలింది గనకే బంక మంచిదని తేలింది. సోమవారం బళ్లు దిగుతాయి. కొత్త మిషను ఇంటికొస్తే మావాళ్లు ముందు ఏం చేస్తారో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. పదకొండు ఊళ్లలో పదకొండు ఇళ్లలో, ఎవరో ఒక ఆడమనిషి తలస్నానం చేసి గిన్నెలో పసుపు కలుపుతుంది. గట్టుమీద నిలబడేవాడు ఆమెకి మొగుడో, కొడుకో, తమ్ముడో అవుతాడు.

రేవు దగ్గరికి వెళ్లి కాత్యాయని గారికి ఫోన్ చేశాను. మాట్లాడటం నాకు పెద్దగా రాదు. బోల్టు దొరికింది, మీరు రావాలి అన్నాను. ఆమె ఎందుకని అడగలేదు.

శనివారం పొద్దున వచ్చారు, ఒక్కరే. మనిషి చిక్కిపోయారు. చెప్పులు చేత్తోనే పట్టుకొచ్చారు. నేను వాకిట్లోనే పాత పంచె పరిచి, మూడు బోల్టులు వరసలో పెట్టాను. నాలుగోది వేరుగా. నేను చెప్పిన దాన్ని ఆమె నమ్మలేదు, నమ్మకపోవడం ఆమె పని. తనతో తెచ్చిన సీసా తీసి, తన చేత్తోనే మళ్లీ మూడు బోల్టులు కట్టారు. పసుపు కావాలన్నారు. నేను లేచేలోపే రత్నం వంటింట్లోంచి గిన్నె తెచ్చి ఆమె పక్కన పెట్టి, ఏమీ అడక్కుండా లోపలికి వెళ్లిపోయింది.

పెరట్లో ఇంజను వేశాను. ఆ చప్పుడులో మాట్లాడుకోవడానికి వీల్లేదు. అది నయమనిపించింది. ఆరబోసిన కొమ్ముల మధ్య పీటమీద కూర్చుని ఆమె బోల్టుల్నే చూస్తున్నారు. వంటింటి తలుపు వారగా వేసి ఉంది. పొయ్యి దగ్గర చప్పుడు కాసేపు వినబడేది, కాసేపు ఆగేది.

మధ్యాహ్నానికి ఇంజను ఆపాను. మూడో బోల్టు ఆమె వేళ్లమధ్య తిరిగి ఊడొచ్చింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని గోటితో గీకి చూశారు.

"కిరసనాయిలు పెట్టి చూశాం" అన్నారు నెమ్మదిగా. "యూరియా పెట్టాం. ఉప్పునీళ్లు. మీరు కొట్టే మందులు ప్రతి ఒక్కటీ. రెండేళ్లు. పసుపు పెట్టి చూడలేదు పున్నయ్య గారూ. వంటింట్లోది కదా." బోల్టు పీటమీద పెట్టారు. "దసరాకి మా ప్రయోగశాలలో కూడా మిషన్లకి పసుపు రాస్తాం. నేనే రాస్తాను. తలుపుల మీద."

ఆమె ఇక్కడివాళ్లే, నేనూ ఇక్కడివాణ్ణే. వేరే దేశంవాడెవడన్నా ఆ పని చేసి ఉంటే బోల్టుమీద పచ్చగా ఏదో ఉందని కడిగి పారేసేవాడు.

కాగితం మళ్లీ రాయాలన్నారామె. నా పేరు మీద పడిన మాట తీసేయించాలన్నారు. సంచిలోంచి పుస్తకం, కలం తీశారు. రాయడానికి ముందు అడగవలసింది ఒకటి ఉంది. అది వస్తుందని నాకు ఆమె పడవ దిగినప్పట్నించీ తెలుసు.

"ఆ రెండు బోల్టులకీ పసుపు ఎవరు పెట్టారు?"

వంటింట్లో చప్పుడు ఆగింది. తలుపు సందులో చీర అంచు కనబడుతోంది.

"నేనే పెట్టాను" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూశారు. పనిముట్లకి పూజ చేసేటప్పుడు పసుపు కలిపేది మగవాడు కాదని ఆమెకి తెలియక కాదు. కలం కాసేపు కాగితం మీద ఆగింది. తర్వాత రాశారు. మెకానిక్ పసుపు రాశాడు, స్పిరిటుతో తిరిగి తుడవలేదు. అందులో సగం నిజం. ఆ సగం నాకు చాలు.

తర్వాత ఆమె పెరటి గోడ దగ్గర నిలబడి ఫోన్లో చాలాసేపు మాట్లాడారు. అవతలివాళ్లు ఒప్పుకోవడం లేదని ఆమె భుజాలు చూస్తే తెలుస్తోంది. బళ్లు బయలుదేరిపోయాయంటున్నారట. చివరికి ఆమె గొంతు పెంచలేదు గాని, నా పేరు మీద ఆపండి, బాధ్యత నాది అని రాసుకోండి, అనడం వినబడింది. ఆ మాటకి ఆమె ఉద్యోగం ఏమవుతుందో నాకు తెలీదు. మొహం చూస్తే ఆమెకి తెలుసనిపించింది. ఫోను సంచిలో పెట్టి, బోల్టులన్నీ తీసి, ఒక్కోటీ విడివిడిగా కాగితంలో చుట్టారు. కొండలు మిషనుదైన ఆ నాలుగోదాన్ని చుట్టేముందు నావైపు చూశారు. తీసుకోండి అన్నట్టు తల ఊపాను.

పడవకి ఇంకా గంట ఉంది. రత్నం తలుపు తీసి గడపలో నిలబడింది. మొహం కడుక్కుని వచ్చింది, చెంపల దగ్గర జుట్టు తడిగా ఉంది.

"వడ్డించా. రండి" అంది.

లోపల మూడు ఆకులు వేసి ఉన్నాయి. ఇంటికి మనిషొస్తే రత్నం మాతో కూర్చుని తినడం నేను ఎన్నడూ చూడలేదు. అందరూ తిన్నాక, ఒకప్పుడైతే కొండలు తిన్నాక, తను తినేది. ఈ రోజు మా ఇద్దరికీ వడ్డించి, తన ఆకులో తనే వడ్డించుకుని, నా ఎదురుగా కూర్చుంది.

కిటికీలో పోపులడబ్బా కనబడుతోంది. మూత తీసి ఉంది. ఆవాలు, జీలకర్ర, మెంతులు ఎక్కడివి అక్కడే ఉన్నాయి. నడుమ పసుపుగిన్నె లేదు. అది కడిగి, గోడవార బోర్లించి ఉంది.

కాత్యాయని గారు అన్నంలో పప్పు కలపబోయి చెయ్యి ఆపారు. నేనూ ఆకువైపు చూశాను. పప్పు పాలిపోయి ఉంది. పక్కన దొండకాయ కూర కాయ రంగులోనే ఉంది. పులుసు చింతపండు రంగులో ఉంది, అంతే. ఈ ఇంట్లో, ఈ లంకలో, అలాంటి ఆకు ముందు నేను ఎప్పుడూ కూర్చోలేదు. వాడు పోయిన పది రోజుల్లో కూడా.

తలెత్తి రత్నాన్ని చూశాను. ఆమె నన్ను చూడటం లేదు. తన చేతిని చూసుకుంటోంది. గోళ్ల సందుల్లో తవ్వకాల పచ్చదనం అలాగే ఉంది, ఎంత తోమినా పోనిది. ఆ చేత్తోనే ముద్ద కలిపింది. నోటిదాకా తీసుకెళ్లి, ఒక్క క్షణం ఆగి, పెట్టుకుంది.

నేను నా ముద్ద కలిపాను. కాత్యాయని గారు కలిపారు. బయట వాకిలి నిండా పసుపు ఎండుతోంది. మేం ముగ్గురం తిన్నాం. ఉప్పు చాలిందా అని రత్నం అడగలేదు. మేమూ చెప్పలేదు.